ఏడు సున్నాలు

ప్రభాకరరావు రోజూ పొద్దున్న ఆరింటికి లేచి, పళ్ళయినా తోముకోకుండా, ముందు గదిలో ఉన్న చేపల తొట్టి దగ్గరికి వెళ్ళేవాడు. ఇనప చట్రంలో గాజు పలకలు బిగించి పుట్టీతో అతికించిన తొట్టి అది. అందులో రెండు గోల్డ్ ఫిష్షులు, నాలుగు నల్లటి చిన్న చేపలు. ఓ మూల ఫిల్టరుగా చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. అడుగున కొబ్బరి పీచు, దాని మీద కొబ్బరి చిప్పల బొగ్గు, పైన ఇసక. మద్రాసు నించి తెప్పించిన పంపు గుర్రుమంటూ గాలి కొడుతుంటే, నీళ్ళు ఒక గొట్టంలోంచి పైకెక్కి, ఇసకలోంచీ బొగ్గులోంచీ దిగి, మళ్ళీ తొట్టిలో పడేవి.

అమలాపురంలో ఓ కాలేజీలో అతను కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. టెస్ట్ ట్యూబు తొట్టిలో ముంచేవాడు. ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, మళ్ళీ తొట్టిలోనే వొంపి, నాలుగోసారి పట్టుకునేవాడు. అందులో రెండు చుక్కలు నెస్లర్ ద్రావణం వేసేవాడు. రంగు రాకపోతే నీళ్ళు శుభ్రం. పసుపు తిరిగితే చేపల మలినం పేరుకుంటోందని లెక్క. గోధుమరంగుకి వచ్చిందంటే చేపలు చస్తాయి. పోల్చి చూసుకోడానికి గోడమీద వరసగా పది ట్యూబులు కట్టిపెట్టుకున్నాడు. ఒకటో దాంట్లో నిమ్మ పసుపు, పదో దాంట్లో మరిగిన టీ డికాషన్. రంగే లేకపోతే సున్నా.

అదంతా ఓ పొడుగాటి పుస్తకంలో రాసేవాడు. ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ అని మూడు గళ్ళు. పదకొండేళ్ళుగా పిల్లల చేత అవే మూడు గళ్ళు కొట్టించాడు. మూడో గడి ఖాళీగా ఉన్న రికార్డుని సంతకం పెట్టకుండా విసిరికొట్టేవాడు. "మూడుసార్లు తొలవనివాడూ, మూడో గడి నింపనివాడూ కెమిస్ట్రీకి పనికిరాడు" అనేవాడు.

ఆ ఇంటి మగవాళ్ళకి ఎవరిమీదయినా కళ్ళు కుట్టినప్పుడు ముట్టుకున్న నీళ్ళు పాడయ్యేవి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. కొన్ని కుటుంబాల్లో పంచదార జబ్బు ఉంటుంది, కొన్నింట్లో ముప్ఫై దాటకుండానే బట్టతల వస్తుంది, వీళ్ళకిది. ప్రభాకరరావు తండ్రికి బాప్తిస్మం ఇచ్చిన రోజున, తనకన్నా ముందు తమ్ముణ్ణి నీళ్ళలోకి దింపేరని ఆయనకి ఒళ్ళు మండింది. కాలవ ఆ రేవు నించి కిందికి నల్లగా పారింది. ఆ తరవాత వచ్చిన పాస్టర్లు ఆ ఇంటివాళ్ళని దిగువన, అందరికన్నా ఆఖర్న దింపడం అలవాటు చేసుకున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ప్రభాకరరావుకి మాత్రం ఆ జబ్బు లేదు. అంటే, లేదని అతనే చెప్పేవాడు. "చదువుకున్నవాడికి అసూయ ఏంటి?" అనేవాడు.

ఎనభై మూడు జూలై నాలుగో తారీకు సోమవారం పోస్టులో కవరు వచ్చింది. భార్య కృపావతి పేరు మీద వచ్చింది గనక ప్రభాకరరావు చింపి చదివాడు. ఆమెకొచ్చిన ఉత్తరాలు అతను చదివి ఇవ్వడం ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఉన్న పద్ధతి. దాన్ని ఆ ఇంట్లో చనువు అంటారు.

"కృపా, నీకు సీటొచ్చిందే."

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎక్కడండీ?"

"ఎక్కడేంటి, వాల్తేరు యూనివర్సిటీలోనే. ఎమ్మెస్సీ. ఇరవయ్యో తారీకు లోపల చేరాలట."

ఆ దరఖాస్తు పూర్తిచేసింది అతనే. తను అదే చదువుకి రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు, రెండుసార్లూ రాలేదు. తనకే రానిది ఈమెకెలా వస్తుందన్న ధైర్యంతోనే, "పెట్టి చూద్దాం, పోయేదేముంది?" అని సంతకం చేశాడు. ఓడిపోతుందని గట్టి నమ్మకం ఉన్నప్పుడు పెళ్ళాన్ని ప్రోత్సహించడంలో మగవాళ్ళకి సాటిలేదు.

"చాలా సంతోషం" అన్నాడు. అనేసి, ఏదో గుర్తొచ్చినట్టు తొట్టి దగ్గరికెళ్ళి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగున పక్కకి ఒరిగిన రాయిని సరిచేశాడు. అది చాలాసేపు సరికాలేదు.

మర్నాడు పొద్దున్న ట్యూబులో ఆరో నెంబరు రంగు వచ్చింది.

"నిన్న సున్నా, ఇవాళ ఆరు. ఫిల్టరు చెడింది" అన్నాడు. ఇడ్లీలు తింటూ చెప్పాడు, ఆమె మొహం చూడకుండా. "అరగజం తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉంచలేనివాళ్ళు అంత దూరం పోయి ఏం పరిశోధన చేస్తారు? ఒకటి చెప్తాను విను. వరసగా ఏడు రోజులు సున్నా రానియ్యి. నేనే దగ్గరుండి దిగబెడతాను."

"రాకపోతే అండీ?"

"రాకపోతే వచ్చే సంవత్సరం చూద్దాం. నేను కాదంటున్నానా? నీళ్ళు అంటున్నాయి."

కృపావతి బియెస్సీ ఫస్టు క్లాసులో ప్యాసయింది. పందెం పెట్టింది నీళ్ళతో గనక గెలవచ్చనుకుంది.

ఆ రోజే డబ్బా విప్పింది. పీచు రంగు దిగుతోందేమోనని అనుమానం. కొబ్బరి పీచు మూడు నీళ్ళు మార్చి ఉడకబెట్టింది. పక్కింటి పాపాయమ్మగారు గోడమీంచి తొంగిచూసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే ఆవిడకి అన్నం సయించదు.

"ఏవమ్మా కృపా, కూరలు దొరకట్లేదా, పీచు వండుతున్నావు?"

"ఫిల్టరుకండీ, పాపాయమ్మగారూ. నీళ్ళు తేరట్లేదు."

"ఎప్పణ్ణించి?"

"నిన్న పొద్దున్నదాకా బానే ఉన్నాయండీ."

"సీటొచ్చింది కూడా నిన్నే కదూ?" అని, ఆవిడ మరేమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది.

ఆరో తారీకు ఐదు. కృపావతి బొగ్గు పారేసి, కొత్త చిప్పలు కాల్చి, దంచి, మసి పోయేదాకా కడిగి పోసింది. ఏడో తారీకు ఆరు. ఇసక మార్చింది. అత్తగారు దీనమ్మ అరుగు మీద కూచుని ఇసక చెరిగి పెట్టింది. ఎనిమిదో తారీకు ఏడు. నాట్ల రోజులు కదా, చేలల్లో యూరియా జల్లుతున్నారు, కాలవ నీళ్ళలోకే దిగుతోందేమోనని, కాలవ నీళ్ళు బిందెతో తెచ్చి విడిగా పరీక్ష చేసింది. సున్నా. వాన నీళ్ళు పట్టింది. సున్నా. ఆ వాన నీళ్ళే తొట్టిలో పోసింది. మర్నాడు ప్రభాకరరావు మూడుసార్లు తొలిచి పట్టిచూస్తే ఏడు.

"పంపు రబ్బరు చూసేవా?" అన్నాడు. గొంతులో సాయం చేస్తున్నవాడి ఓపిక ఉంది.

"చూసేనండీ. బాగానే ఉంది."

"చేపలకి మేత ఎక్కువేస్తున్నావేమో. నువ్వొస్తే చాలు పైకొచ్చేస్తాయి. నన్ను చూస్తే రాయి కిందకి పోతాయి. నువ్వు వాటికి అలవాటు చేసేవు."

చేపల దగ్గర కూడా తను రెండో మనిషినయిపోయానని అతని బాధ. ఆ మాట అంటున్నప్పుడు ట్యూబు పట్టుకున్న వేళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

తొమ్మిదో తారీకు మధ్యాన్నం అతను రాజోలు వెళ్ళాడు, అక్కడ ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి. మూడు రోజులు. వెళ్ళేముందు పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "దొంగలెక్క రాయకు" అన్నాడు.

పదో తారీకు సున్నా. పదకొండు సున్నా. పన్నెండు సున్నా. కృపావతి ఒక్కో సున్నా గుండ్రంగా చుట్టింది. మూడో సున్నా చుట్టాక, కాయితాలు వెనక్కి తిప్పి ఐదో తారీకు నించీ చూసుకుంది. ఇంట్లో పీచు అదే, బొగ్గు అదే, చేపలవే. ఏం మారిందో చూడ్డమే కెమిస్ట్రీ అని ఆమెకి ఎవరో నేర్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం అతను వచ్చాడు. సంచీ దింపకుండా పుస్తకం తెరిచి, తన గళ్ళలో ఆమె దస్తూరీ చూశాడు. తన దస్తూరీ కన్నా బావుంది.

"మూడుసార్లు తొలిచేవా?"

"లేదండీ. ఇంకు ఫిల్లర్‌తో తీసేను. చెయ్యి తగలకుండా."

"అందుకే! తొలవకుండా చూసింది చెల్లదు."

పదమూడో తారీకు పొద్దున్న అతనే చూశాడు. తొలిచాడు, వొంపాడు, తొలిచాడు, వొంపాడు. ఎంత జాగ్రత్తగా తొలిస్తే నీళ్ళు అంత మసకబారాయి. ఎనిమిది. నల్ల చేప ఒకటి పక్కకి తిరిగి తేలింది.

"చూసేవా? మళ్ళీ మొదట్నించి లెక్క" అన్నాడు. అతని మొహంలో విచారం ఉందిగానీ, ఆ విచారం కింద ఏదో కుదుటపడ్డట్టుంది.

కృపావతి లెక్క వేసుకుంది. రేపట్నించి ఏడు సున్నాలంటే ఇరవై. ఇరవైకి వాల్తేరులో ఉండాలి. ఇంక ఏ సున్నాలూ అందవు. చచ్చిన చేపని పెరట్లో పూడ్చి, మిగతావాటిని బిందెలో పట్టుకుని పాపాయమ్మగారింటికి వెళ్ళింది.

"ఇవి మీ గోలెంలో ఉంచుకుంటారా అండీ?"

"ఉంచు. చుట్టాలొచ్చేరనుకుంటాను" అంది ఆవిడ. "మీ ఆయనకి మా గోలెంలో చెయ్యి పెట్టే పని లేదుగా?"

ఆ మధ్యాన్నం దీనమ్మ కోడల్ని పిలిచి దగ్గర కూచోబెట్టుకుంది. డెబ్భై దగ్గరపడ్డ మనిషి, మాటలు తక్కువ. కోడలి చేతులకి బొగ్గు మసి ఇంకా పోలేదు. ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది.

"అమ్మాయ్, నాకు రాజమండ్రిలో నర్సు ట్రైనింగుకి పిలుపొచ్చింది. నీకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు. మీ మావగారు చాలా సంతోషం అన్నారు. అని బావి దగ్గరికెళ్ళి ఓ చేద తోడుకుని మొహం కడుక్కున్నారు, మిగిలిన నీళ్ళు బావిలోనే పోసేరు. మర్నాటికి బావి చేదెక్కిపోయింది."

"మీరేం చేసేరు అత్తయ్యా?"

"ఏం చేస్తాను? ఇంట్లో నీళ్ళు చేదెక్కితే ఆడదాని తప్పేగా. బావి తోడించేను. పూడిక తీయించేను. సున్నం వేసేను, నీళ్ళు తేరడానికి చిల్లగింజ అరగదీసి వేసేను. ఇది తేరితే వెళ్దాం, ఇది తేరితే వెళ్దాం అనుకుంటూ రెండేళ్ళు. ఈలోపు ట్రైనింగు అయిపోయింది, వీడు పుట్టేడు. వీడు పుట్టిన వారానికి బావి దానంతటదే తియ్యగా అయింది." కోడలి వేళ్ళ మసి కొంగుతో తుడిచింది. "ఎంత కడిగేనో అమ్మాయ్ ఆ బావిని. ఆయన్ని కడగాలని నాకు తోచనేలేదు."

ఆదివారం, పదిహేడో తారీకు, ప్రార్థన గుడి నించి వచ్చాక కృపావతి అరుగు మీద బల్ల వేసి రెండు గాజు సీసాలు పెట్టింది. రెండింట్లోనూ ఒకే బిందెలోంచి వాన నీళ్ళు పోసింది. పుస్తకం తెరిచి, మూడు గళ్ళు కొట్టి, భర్తని పిలిచింది.

"ఏంటిది?"

"ప్రయోగమండీ. ఫిల్టరులో తప్పెక్కడుందో తేల్చేద్దాం. ముందు రెండూ చూడండి."

ఫిల్లర్‌తో తీసి చూశాడు. రెండూ సున్నా.

కృపావతి మొదటి సీసాలో వేలు ముంచి తీసింది. రెండోది అతని ముందుకి జరిపింది. "మీరూ ముంచండి."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. గోడ అవతల పాపాయమ్మగారు ఏ పనీ లేకుండా నించుంది. వెనక్కి తగ్గితే నవ్వుతారని ముంచాడు.

"పాపాయమ్మగారు అడుగుతున్నారండీ," అంది కృపావతి, చాలా మామూలుగా, "మీకు రెండుసార్లూ రాని సీటు నాకు ఒక్కసారికే ఎలా వచ్చిందీ అని."

అతని వేలి చుట్టూ గోధుమరంగు మేఘం ఒకటి విచ్చుకుంది. ద్రావణం వెయ్యనక్కర్లేకపోయింది. అయినా వేసింది, పద్ధతి తప్పకూడదని. ఆమె సీసాలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అతనిది ఎనిమిది.

"వేలికి ఏదో అంటుకునుంటుంది" అన్నాడు.

"సబ్బుతో కడుక్కురండి."

కడుక్కొచ్చాడు. సీసా మార్చి నీళ్ళు మార్చి ముంచారు. పది దాటింది. గోడ మీద దానికి సరిపోయే ట్యూబు లేదు.

"నిర్ధారణ రాయండి" అంది, పెన్ను ఇచ్చి.

అతను చాలాసేపు పెన్ను పట్టుకుని కూచున్నాడు. చివరికి మూడో గడిలో, 'మళ్ళీ పరిశీలించవలెను' అని రాశాడు. ఏ పిల్లాడు అలా రాసినా ఆ రికార్డు కిటికీలోంచి బయటికి పోయుండేది.

"అది నాన్నకుండేది" అన్నాడు. "నాకు లేదు."

దీనమ్మ తలెత్తలేదు. "మీ నాన్న కూడా ఆ మాటే అన్నాడ్రా, బావి గట్టు మీద నించుని. వాళ్ళ నాన్నకుండేదట."

మగవాడి అసూయకి ఇంట్లో నానా పేర్లూ ఉంటాయి. జాగ్రత్త అంటారు, పరువంటారు, నీ మంచికే అంటారు. ఆడది ఏదైనా అడిగితే మాత్రం దానికి ఒక్కటే పేరు, ఓర్వలేనితనం. ఆ అరుగు మీద మొదటిసారి దాన్ని అసలు పేరుతో పిలవకుండానే అందరూ చూశారు. పాపాయమ్మగారు "ఎసట్లో బియ్యం పడెయ్యాలి" అని వెళ్ళిపోయింది.

కృపావతి సీసాలు కడిగి బోర్లించింది. "ఎల్లుండి పొద్దున్న బయల్దేరతానండీ."

"ఏడు సున్నాలు రాలేదే!"

"రావు. మీరు చెయ్యి పెట్టినంతకాలం రావు. నేను ఇంక ఫిల్టరు కడగను. ఆ సీటు నీళ్ళిచ్చింది కాదు, నేను పరీక్ష రాసి తెచ్చుకున్నది."

అతను అరవలేదు. అరిచే మనిషి కాదు.  పంతొమ్మిదో తారీకు పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె ట్రంకు పెట్టె తనే ఎత్తుకున్నాడు.

"ఒక్కదానివీ ఎలా వెళ్తావు? నేనూ వాల్తేరు దాకా వస్తాను."

దీనమ్మ గుమ్మంలో కోడలి నుదురు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఎప్పుడూ గంట సాగే ప్రార్థన ఆవేళ రెండు మాటల్లో అయిపోయింది. "ప్రభువా, దాటించు."

ముక్తేశ్వరం రేవులో సత్తిబాబు పడవ ఎక్కారు. అవతల కోటిపల్లి. అక్కడ ద్రాక్షారామం మీదుగా కాకినాడ బస్సు దొరుకుతుంది. సామర్లకోటలో రైలు. గోదావరికి కొత్త నీరొచ్చింది, ఎర్రగా ఒరుసుకుపోతోంది. పడవలో పదిమంది జనం, రెండు మేకలు, అరటి గెలలు.

ప్రభాకరరావు పెట్టె పక్కనే చోటు చూసుకున్నాడు. పడవ అంచు మీద కుడి చెయ్యి వేసి కూచున్నాడు. వేళ్ళు నీళ్ళలో తేలుతున్నాయి.

"అక్కడ హెడ్డుతో నేను మాట్లాడతాను. నువ్వేం మాట్లాడకు."

"ఏం మాట్లాడతారండీ?"

"ఇంటి పరిస్థితి చెప్తాను. అమ్మకి ఒంట్లో బావుండట్లేదు, ఒక్క సంవత్సరం ఆపమంటాను. భర్త స్వయంగా వచ్చి చెప్తే వాళ్ళు కాదనరు. వచ్చే సంవత్సరం ఇద్దరం కలిసి దరఖాస్తు పెడదాం. కలిసి చదువుదాం. ఎంత బావుంటుంది, ఆలోచించు."

కృపావతి అతని మొహం చూడలేదు, చెయ్యి చూసింది. వేళ్ళ దగ్గర మొదలైన నల్లటి చార ఒకటి పడవ పక్కనే సాగుతోంది. ఎర్ర నీళ్ళలో అది స్పష్టంగా కనపడుతోంది. వెడల్పవుతూ, పడవకి ముందుకి పాకి, కోటిపల్లి రేవు వైపు తిరిగింది. అరటి గెలల మనిషి తన గెలని కాస్త ఎడంగా జరుపుకున్నాడు. మేకలు అటు వైపు మూతి పెట్టడం మానేశాయి.

సత్తిబాబు తెడ్డు ఆపాడు.

"మేష్టారండీ, ఏవనుకోకండి. చెయ్యి పైకి తీసుకుంటారా? రేవులో ఆడోళ్ళు బిందెలు ముంచుకుంటున్నారండి."

ప్రభాకరరావు చెయ్యి తీసి జేబురుమాలుతో తుడుచుకున్నాడు. చార తెగిపోయి, కాస్త దూరం వెనక్కి కొట్టుకుపోయి, ఏటిలో కలిసిపోయింది. అంత గోదావరికి అది ఓ లెక్క కాదు. రేవుకి మాత్రం లెక్కే.

గట్టు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా పడవ ఇసకలో ఆనింది. అక్కణ్ణించి మోకాలి లోతు నీళ్ళలో దిగి నడవాలి. జనం ఒక్కొక్కరే దిగేరు. ప్రభాకరరావు ప్యాంటు మడిచి లేవబోయాడు.

"తమరు దిగకండి" అన్నాడు సత్తిబాబు, చాలా మర్యాదగా. "చేతికే అంతుందంటే, కాళ్ళు రెండూ పెడితే ఈ రేవు వారం రోజులు పనికిరాదండి. మీ నాన్నగార్ని కూడా మా నాన్న పడవలోంచి దిగనిచ్చేవాడు కాదండి, అలాంటి రోజున. కూకోండి, వెనక్కి ముక్తేశ్వరంలో దింపేస్తాను."

"నేను వాల్తేరు వెళ్ళాలయ్యా!"

"ఆయ్. ఎల్దురుగాని. మనసు కుదుటపడ్డాక ఎల్దురుగానండి."

ఎవరూ నవ్వలేదు. ఒడ్డున బిందె చంకనెత్తుకున్న ముసలామె ఒకామె, అందులో వింతేమీ లేనట్టు, "అవును బాబూ, దిగకు" అంది. అరటి గెలల మనిషి తిరిగొచ్చి ట్రంకు పెట్టె దించి తన భుజాన పెట్టుకున్నాడు.

ప్రభాకరరావు కూచున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు, తడి తగలకుండా.

కృపావతి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. అడుగున ఇసక కాళ్ళ కింద జారింది. రెండడుగులు వేశాక నిలదొక్కుకుంది.

"కృపా!" అని వెనక నించి పిలిచాడు. "హెడ్డు అడిగితే ఏం చెప్తావు?"

ఆమె నీళ్ళలోనే వెనక్కి తిరిగింది.

"చేరడానికొచ్చేనని చెప్తానండీ."

గట్టు మీద కాకినాడ బస్సు హారను కొట్టింది. అరటి గెలల మనిషి పెట్టెతో ముందు పరిగెత్తాడు. ఆమె కూడా పరిగెత్తింది. తడిసిన కుచ్చిళ్ళకి ఇసకంతా అంటుకుంది. సీట్లో కూచున్నాక దులుపుకోవచ్చులే అనుకుంది.